వికిరణం – రుచి – వెగటు: అభ్యసిత రుచి విముఖతపై ఒక వివరణాత్మక పరిశీలన

సారాంశం

వికిరణానికి గురైన జంతువు, ఆ సమయానికి కాస్త ముందు తాను రుచి చూసిన పదార్థాన్ని తరువాతి కాలంలో ఏవగించుకుంటుంది. ఆ పదార్థంలో దోషం లేకపోయినా, దానికీ అస్వస్థతకూ సంబంధం లేకపోయినా ఈ వెగటు ఏర్పడుతుంది. 1955లో ఎలుకలపై జరిగిన ఒక ప్రయోగంతో స్పష్టమైన ఈ విషయం, అభ్యసన మనోవిజ్ఞానంలో అప్పటికి స్థిరపడిన సూత్రాలను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కలిగించింది. క్యాన్సర్ రోగుల ఆహార సమస్యను అర్థం చేసుకోవడానికి కూడా తోడ్పడింది. వికిరణం వల్ల రుచి విముఖత ఎలా ఏర్పడుతుంది, దేహంలో ఏ మార్గాల ద్వారా అది సాగుతుంది, చికిత్సారంగంలో దాని ప్రాధాన్యం ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ అభ్యసనం జ్ఞానంపై ఆధారపడదనీ, కాబట్టి రోగికి కారణం తెలియజెప్పడం వల్ల మాత్రమే దీన్ని నివారించలేమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వికిరణం, రుచి విముఖత, శాస్త్రీయ నిబంధన, గార్షియా ప్రభావం, వికారం, క్యాన్సర్ చికిత్స

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఆహారం గురించి మాట్లాడేటప్పుడు "ఇష్టం లేదు" అనే మాటకూ "పడదు" అనే మాటకూ అర్థభేదం ఉంది. మొదటిది అభిరుచిని తెలుపుతుంది. రెండవది దేహం ఇచ్చిన తీర్పును తెలుపుతుంది. "ఆ కూర నాకు పడదు" అన్నప్పుడు వక్త ఒక కార్యకారణ సంబంధాన్ని కూడా చెబుతున్నాడు: ఆ కూర తిన్నాను, ఒంట్లో బాగాలేదు, కాబట్టి ఆ కూరే కారణం. ఈ తీర్పు చాలా సందర్భాల్లో సరైనదే కావచ్చు. అయితే అస్వస్థతకు అసలు కారణం మరొకటి అయినప్పుడు కూడా దేహం ఇదే తీర్పు ఇస్తుందా? ఇస్తే, మనిషికి ఆ అసలు కారణం తెలిసి ఉండటం వల్ల తీర్పు మారుతుందా?

ఈ ప్రశ్నలకు ప్రయోగాత్మకమైన సమాధానం వికిరణ పరిశోధన నుంచి లభించింది. అందుకు ఒక ప్రత్యేక కారణం ఉంది. విషపదార్థాన్ని నోటి ద్వారా ఇస్తే దానికి తనదైన రుచి ఉంటుంది. సూదిమందు ఇస్తే నొప్పి ఉంటుంది. తక్కువ మోతాదు గామా కిరణాలు ప్రసరించేటప్పుడు మాత్రం రుచి గానీ నొప్పి గానీ ఉండదు. అస్వస్థత కలుగుతుంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో ప్రాణికి తెలిసే వీలుండదు. అటువంటి స్థితిలో ప్రాణి దేనిని కారణంగా ఎంచుకుంటుందో గమనిస్తే, అభ్యసన ప్రక్రియకు గల సహజమైన మొగ్గు బయటపడుతుంది.

2. పారిభాషిక వివరణ

చర్చలోకి వెళ్లే ముందు కొన్ని పదాల పరిధిని నిర్ణయించుకోవడం అవసరం. వాడుకలో రేడియేషన్ అని పిలిచే దానిని ఈ వ్యాసంలో వికిరణం అంటున్నాము. ఇక్కడ ఉద్దేశించినది పరమాణువులను అయనీకరణం చేయగల గామా కిరణాలు, ఎక్స్-కిరణాలు మాత్రమే.

రుచి విముఖత అంటే, ఒక రుచికీ తదనంతర అస్వస్థతకూ మధ్య ఏర్పడిన సంబంధం వల్ల ఆ రుచిపై కలిగే వెగటు. దీన్ని రెండు ఇతర స్థితుల నుంచి వేరుచేసి చూడాలి. ఒకే పదార్థాన్ని అదేపనిగా తిన్నప్పుడు "మొహం మొత్తడం" జరుగుతుంది. ఇది తాత్కాలికం, కొంత విరామంతో తొలగిపోతుంది. ఆకలి మందగించినప్పుడు ఏ ఆహారమూ సహించదు. ఇది ఒక ప్రత్యేక పదార్థానికి పరిమితమైనది కాదు. రుచి విముఖత ఈ రెంటికీ భిన్నంగా, నిర్దిష్టమైన ఒక రుచికి పరిమితమై దీర్ఘకాలం నిలుస్తుంది.

పావ్‌లోవ్ ప్రతిపాదించిన శాస్త్రీయ నిబంధన పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ రుచి నిబంధిత ఉద్దీపన. వికిరణం వల్ల దేహంలో కలిగే మార్పు నిర్నిబంధిత ఉద్దీపన. తరువాతి కాలంలో ఆ రుచి పట్ల కనిపించే వెగటు నిబంధిత ప్రతిస్పందన. ఈ చట్రంలో విషయం సులభంగా ఇమిడినట్టే కనిపిస్తుంది. అది ఎక్కడ ఇమడలేదో నాలుగవ భాగంలో చూద్దాం.

3. 1955 నాటి ప్రయోగం

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946లో, అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అణుపరీక్షలు జరిపింది. ఆ పరీక్షల్లో రేడియోధార్మిక కాలుష్యానికి గురైన కొన్ని నౌకలను శుద్ధి చేయడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ నౌకా కేంద్రానికి తరలించారు. ఆ నేపథ్యంలో అక్కడ నౌకాదళ వికిరణ రక్షణ ప్రయోగశాల రూపుదిద్దుకొంది. పెద్ద మోతాదు వికిరణం ప్రాణాంతకమని అప్పటికే తెలుసు. తక్కువ మోతాదు వికిరణం ప్రవర్తనపై ఎటువంటి ప్రభావం చూపుతుందన్నది తేలవలసిన విషయం. 1950ల తొలినాళ్లలో ఆ ప్రయోగశాలలో చేరిన జాన్ గార్షియా ఈ సమస్యపై పనిచేశాడు. కాలిఫోర్నియాలో స్పెయిన్ నుంచి వలస వచ్చిన వ్యవసాయ శ్రామికుల కుటుంబంలో 1917లో జన్మించిన గార్షియా, మెకానిక్‌గా పనిచేసి, ఆలస్యంగా విశ్వవిద్యాలయ విద్యలో అడుగుపెట్టినవాడు.

ప్రయోగశాలలో ఎలుకలను తరచుగా వికిరణ గదిలో ఉంచి, తిరిగి వాటి సొంత పంజరాలకు చేర్చేవారు. వికిరణ గదిలో ఎలుకలు నీరు తాగడం క్రమంగా తగ్గించాయి. పంజరాలకు చేరాక మాత్రం మామూలుగానే తాగేవి. గదిలో ఉంచినవి ప్లాస్టిక్ సీసాలు, పంజరాల్లో ఉన్నవి గాజు సీసాలు. ప్లాస్టిక్ వల్ల నీటికి వచ్చిన స్వల్పమైన రుచిని ఎలుకలు అస్వస్థతతో జతపరచి ఉండవచ్చునని పరిశోధకులు ఊహించారు. ఆ ఊహను పరీక్షించడానికి ప్లాస్టిక్ రుచి స్థానంలో, ఎలుకలు సహజంగా ఇష్టపడే తీపిని ప్రవేశపెట్టారు.

గార్షియా, డొనాల్డ్ కిమెల్డార్ఫ్, రాబర్ట్ కోలింగ్ కలిసి 1955లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ప్రయోగం రూపకల్పనలో ఎంతో సరళమైనది. సాకరిన్ కలిపిన తీపి నీటిని తాగుతూ ఉండగా ఎలుకలను ఆరు గంటల పాటు గామా కిరణాలకు గురిచేశారు. ఒక సమూహానికి మొత్తం మోతాదు 30 రాంట్జెన్లు, మరొక సమూహానికి 57 రాంట్జెన్లు. ఇంకొక సమూహానికి తీపి నీరు ఇచ్చారు గాని వికిరణం ఇవ్వలేదు. తరువాతి రోజుల్లో ప్రతి ఎలుక ముందూ మామూలు నీరు, తీపి నీరు రెండూ ఉంచి దేనిని ఎంత తాగుతుందో కొలిచారు. వికిరణం పొందని ఎలుకలు ఎప్పటిలాగే తీపినే కోరుకున్నాయి. వికిరణం పొందినవి తీపిని వదిలి మామూలు నీటి వైపు మళ్లాయి. మోతాదు ఎక్కువైన సమూహంలో విముఖత మరింత తీవ్రంగా ఉంది. ఆ ప్రభావం వారాల తరబడి నిలిచింది.

ఇక్కడ మోతాదు పరిమాణాన్ని గమనించాలి. 57 రాంట్జెన్లు స్థూలంగా అర గ్రే వికిరణానికి సమానం. ఎలుకల్లో సగం మరణించడానికి అవసరమైన మోతాదులో ఇది పదోవంతుకు మించదు. అటువంటి మోతాదుతో పైకి రోగలక్షణాలు స్పష్టంగా కనిపించవు. కాబట్టి రుచి విముఖత, దేహంలోని సూక్ష్మమైన కలతను పట్టి చూపగల సున్నితమైన సూచికగా కూడా పరిశోధకులకు ఉపయోగపడింది.

4. సంప్రదాయ సిద్ధాంతం ఎదుర్కొన్న చిక్కులు

1950లు, 60ల నాటి అభ్యసన సిద్ధాంతం ప్రధానంగా మూడు నమ్మకాలపై నిలిచి ఉంది. ఉద్దీపనలు పదేపదే జతపడితేనే అభ్యసనం బలపడుతుంది. ఆ రెండింటి మధ్య వ్యవధి క్షణాలకు మించకూడదు. ఏ ఉద్దీపననైనా ఏ ఫలితంతోనైనా సమానంగా జతపరచవచ్చు. వికిరణ ప్రయోగాలు ఈ మూడింటినీ ప్రశ్నార్థకం చేశాయి.

మొదటిది పునరావృత్తి. పావ్‌లోవ్ కుక్కలకు ధ్వనినీ ఆహారాన్నీ అనేకసార్లు జతపరచవలసి వచ్చింది. రుచి విముఖత ఏర్పడటానికి ఒక్క అనుభవం చాలు.

రెండవది వ్యవధి. వికిరణం వల్ల కలిగే అస్వస్థత వెంటనే మొదలుకాదు. కాబట్టి రుచికీ అస్వస్థతకూ మధ్య ఎడం సహజంగానే ఉంటుంది. గార్షియా, ఎర్విన్, కోలింగ్ 1966లో రుచి చూపిన తరువాత గంటకు పైగా ఆగి, వికారం కలిగించే మందు ఇచ్చినా విముఖత ఏర్పడిందని చూపారు. ఆ మరుసటి సంవత్సరం స్మిత్, రోల్ జరిపిన ఎక్స్-కిరణ ప్రయోగాల్లో, తీపి నీరు తాగిన కొన్ని గంటల తరువాత వికిరణం ఇచ్చినా ఎలుకలు ఆ తీపినే తప్పుపట్టాయి. నోటిలో రుచి అంతసేపు మిగిలి ఉండదు. మిగిలి ఉండేది రుచి జ్ఞాపకమే.

మూడవది, అన్నిటికంటే కీలకమైనది, ఉద్దీపనల సమానత్వం. గార్షియా, కోలింగ్ 1966లో ప్రకటించిన ప్రయోగం దీనిని సూటిగా పరీక్షించింది. ఎలుక నాలుకతో సీసాను తాకినప్పుడల్లా నీటి రుచి తెలియడంతో పాటు ఒక దీపం వెలిగి, ఒక శబ్దం వినిపించే ఏర్పాటు చేశారు. అంటే నీటికి రుచి ఉంది, వెలుగు ఉంది, ధ్వని ఉంది. తరువాత కొన్ని ఎలుకలకు ఎక్స్-కిరణాలతో గానీ లిథియం క్లోరైడ్‌తో గానీ అస్వస్థత కలిగించారు. మరికొన్నింటికి పాదాలకు విద్యుత్ ఘాతం ఇచ్చారు. ఆ పిమ్మట రుచిని విడిగా, వెలుగు ధ్వనులను విడిగా పరీక్షించారు. అస్వస్థతకు గురైన ఎలుకలు రుచిగల నీటిని వదిలేశాయి, వెలుగు ధ్వనులను పట్టించుకోలేదు. విద్యుత్ ఘాతానికి గురైనవి వెలుగు ధ్వనులతో కూడిన నీటిని వదిలేశాయి, రుచిని పట్టించుకోలేదు.

ఈ ఫలితం సారాంశం ఇది: లోపలి బాధకు కారణాన్ని లోపలికి పోయిన పదార్థంలో వెతుకుతుంది దేహం. చర్మానికి తగిలిన బాధకు కారణాన్ని వెలుపలి దృశ్యంలో, శబ్దంలో వెతుకుతుంది. ప్రయోగశాలలో అసలు దోషి పరిశోధకుడు అమర్చిన కిరణ యంత్రం. ఆ యంత్రం వంటిది ఎలుక జాతి పరిణామ చరిత్రలో ఎన్నడూ లేదు. ఆహారం వల్ల కలిగే విషబాధ మాత్రం ఎప్పుడూ ఉంది. అందువల్ల ఎలుక ఇచ్చిన తీర్పు ఆ ఒక్క సందర్భంలో తప్పు, దాని జీవన పరిసరాల దృష్ట్యా సమంజసం.

ఈ ఫలితాలను విద్వత్ లోకం వెంటనే అంగీకరించలేదు. ప్రముఖ పత్రికలు గార్షియా వ్యాసాలను తిరస్కరించాయి. కొందరు విమర్శకులు ఇటువంటి ఫలితం అసంభవమని పరిహసించారు. అయితే ఇతర ప్రయోగశాలల్లోనూ ఇవే ఫలితాలు రావడంతో వైఖరి మారింది. 1970లో మార్టిన్ సెలిగ్మన్ కొన్ని సంబంధాలను నేర్చుకోవడానికి జీవులు జన్మతః సంసిద్ధంగా ఉంటాయనే భావనను ప్రతిపాదించాడు. దానికి గార్షియా ప్రయోగాలు ముఖ్యమైన ఆధారమయ్యాయి. 1983లో గార్షియా అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యాడు. నేడు పాఠ్యగ్రంథాలు ఈ విషయాన్ని 'గార్షియా ప్రభావం' అని పేర్కొంటున్నాయి.

ఈ సంసిద్ధత జాతిని బట్టి మారుతుందని మరొక ప్రయోగం చూపింది. విల్‌కాక్సన్ బృందం 1971లో పుల్లని రుచి, నీలి రంగు రెండూ ఉన్న నీటిని ఎలుకలకూ కొలంకి పిట్టలకూ ఇచ్చి, ఆపై అస్వస్థత కలిగించింది. ఎలుకలు పులుపును మాత్రమే ఏవగించుకున్నాయి. పిట్టలు నీలి రంగును మరింత గట్టిగా పరిహరించాయి. చీకటిలో వాసన, రుచి ఆధారంగా తిరిగే ప్రాణికి రుచి ముఖ్యం, చూపుతో గింజలను ఏరుకునే పక్షికి రంగు ముఖ్యం.

5. దేహంలో సాగే ప్రక్రియ

వికిరణం దేహంలో ఎక్కడ తాకితే విముఖత కలుగుతుందన్నది తొలి ప్రశ్న. దేహంలోని వేర్వేరు భాగాలకు విడివిడిగా వికిరణం ఇచ్చి చూసినప్పుడు, ఉదరభాగానికి ఇచ్చినప్పుడే ప్రభావం అధికంగా కనిపించింది. జీర్ణాశయం, పేగుల గోడల్లోని కణాలు వికిరణానికి సులభంగా దెబ్బతినే స్వభావం కలవి కావడం దీనికి అనుగుణంగానే ఉంది.

ఉదరంలో కలిగిన కలత మెదడును ఎలా చేరుతుంది? 1965లో హంట్, కారల్, కిమెల్డార్ఫ్ దీనికి ఒక చక్కని సమాధానం కనుగొన్నారు. రెండు ఎలుకలను శస్త్రచికిత్స ద్వారా కలిపి, వాటి మధ్య రక్తం ప్రసరించేలా చేశారు. ఒకదానికి కవచం కప్పి, రెండవదానికి మాత్రమే వికిరణం ఇచ్చారు. కవచం కింద ఉన్న ఎలుక కూడా తాను తాగిన తీపి నీటి పట్ల విముఖత పెంచుకొంది. అంటే వికిరణం వల్ల పుట్టిన ఏదో పదార్థం రక్తం ద్వారా ప్రయాణించింది. రెండేళ్ల తరువాత గార్షియా బృందం, వికిరణం పొందిన జంతువుల రక్తరసిని ఇతర ఎలుకలకు ఎక్కించి ఇదే రకమైన ఫలితాన్ని సాధించింది. 1974లో లెవీ బృందం యాంటీహిస్టమిన్ మందులు వికిరణజనిత విముఖతను అడ్డుకుంటాయని చూపడంతో, ఆ పదార్థాల్లో హిస్టమిన్ పాత్ర ఉందనే అభిప్రాయం బలపడింది.

రక్తంలోని ఈ సంకేతాన్ని గ్రహించే స్థానం మెదడు కాండంలో, నాలుగవ మస్తిష్క కుహరం అడుగున ఉన్న ఏరియా పోస్ట్రీమా అనే చిన్న భాగం. మెదడులోని అధిక భాగాన్ని రక్తంలోని విషపదార్థాల నుంచి ఒక అవరోధం కాపాడుతుంది. ఏరియా పోస్ట్రీమా వద్ద ఆ అవరోధం పలుచన. అందువల్ల ఈ భాగం రక్తాన్ని పరీక్షించే కావలి స్థానంలా పనిచేస్తుంది. 1983లో ఓసెన్‌కాప్, అదే సంవత్సరం రేబిన్, హంట్, లీ వేర్వేరుగా జరిపిన ప్రయోగాల్లో, ఈ భాగాన్ని తొలగించిన ఎలుకల్లో వికిరణజనిత రుచి విముఖత బాగా తగ్గిపోయింది.

రుచి సమాచారం మరొక దారిన వస్తుంది. నాలుక, గొంతు భాగాల నుంచి కపాల నాడుల ద్వారా బయలుదేరి అది మెదడు కాండంలోని సాలిటరీ నాడీకేంద్రాన్ని చేరుతుంది. ఈ కేంద్రం ఏరియా పోస్ట్రీమాకు పక్కనే ఉంది. దేహాంతర్భాగాల నుంచి వేగస్ నాడి తెచ్చే సమాచారం కూడా ఇక్కడికే వస్తుంది. అంటే రుచి వార్త, ఉదరపు వార్త మెదడులో ఇరుగుపొరుగు స్థానాల్లో అడుగుపెడతాయి. అక్కడి నుంచి పారాబ్రాకియల్ కేంద్రం, అమిగ్డలా, ఇన్సులర్ వల్కలంలోని రుచి ప్రాంతం వరకు రెండింటి దారులూ కలిసి సాగుతాయి. దుడాయ్ బృందం 1993లో ఈ రుచి వల్కలంలో ప్రోటీన్ సంశ్లేషణను నిరోధించి, విముఖత జ్ఞాపకం స్థిరపడకుండా చేయగలిగింది. రుచికీ ఉదరబాధకూ మధ్య సంబంధం అంత సులభంగా ఏర్పడటానికి నాడీవ్యవస్థలోని ఈ సామీప్యం ఒక ఆధారంగా కనిపిస్తుంది.

ఈ ప్రక్రియకు స్పృహ కూడా అవసరం లేదన్నది విశేషం. రోల్, స్మిత్ జరిపిన ప్రయోగాల్లో తీపి నీరు తాగిన ఎలుకలకు మత్తు ఇచ్చి, ఆ మత్తులోనే ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశారు. తరువాత అవి ఆ తీపిని వదిలేశాయి. ప్రాణి తెలిసి అనుభవించని అస్వస్థత కూడా రుచిపై ముద్ర వేయగలదని దీని అర్థం.

6. పరిచయం ఇచ్చే రక్షణ

ఏ రుచికైనా విముఖత సమానంగా అంటుకుంటుందా? రెవస్కీ, బెడార్ఫ్ 1967లో ఎలుకలకు పరిచితమైన ఆహారం ఒకటి, కొత్త ఆహారం ఒకటి ఇచ్చి, పిమ్మట ఎక్స్-కిరణాలకు గురిచేశారు. ఎలుకలు కొత్త ఆహారాన్నే దోషిగా ఎంచాయి. ఎన్నోసార్లు తిని క్షేమంగా ఉన్న ఆహారానికి ఆ గత పరిచయమే రక్షణగా నిలుస్తుంది. దీనిని మనోవిజ్ఞానంలో గుప్త నిరోధం అంటారు.

ఈ సూత్రానికి మన వరి పొలాల్లో ఒక ఆచరణ రూపం ఉంది. ఎలుకల నివారణకు జింక్ ఫాస్ఫైడ్ వాడేటప్పుడు, ముందుగా ఒకటి రెండు రోజులు నూకలు, నూనె కలిపిన విషం లేని ఎరను పెట్టి ఎలుకలను అలవాటు చేయాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచిస్తారు. కొత్త ఆహారమంటే ఎలుకకు గల జంకు ఆ విధంగా తొలగుతుంది. జింక్ ఫాస్ఫైడ్ కొద్ది గంటల్లోనే బాధ కలిగిస్తుంది కాబట్టి, చాలీచాలని మోతాదు తిని బతికిన ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందుకే ఆ తరువాతి విడతలో బ్రోమోడయోలోన్ వంటి మందును సూచిస్తారు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ మందు ప్రభావం రోజుల తరువాత గాని బయటపడదు. గంటల ఎడాన్ని దాటి సంబంధాన్ని పట్టగలిగిన ఎలుక, రోజుల ఎడాన్ని దాటి పట్టలేకపోతుంది. ఇక్కడ వికిరణం లేదు గాని, పనిచేస్తున్నది అదే అభ్యసన యంత్రాంగం.

7. క్యాన్సర్ చికిత్సలో రుచి విముఖత

ఉదరభాగానికి రేడియేషన్ చికిత్స పొందేవారికీ, కీమోథెరపీ పొందేవారికీ వికారం కలగడం సాధారణం. చికిత్సకు ముందు తిన్న ఆహారం ఈ వికారంతో జతపడే అవకాశం ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలీన్ బెర్న్‌స్టీన్ 1978లో కీమోథెరపీ పొందుతున్న పిల్లలపై ఈ విషయాన్ని పరీక్షించారు. జీర్ణవ్యవస్థను కలతపరిచే మందు ఇచ్చే ముందు కొందరు పిల్లలకు అరుదైన రుచిగల ఐస్‌క్రీమ్ ఇచ్చారు. వేరొక సమూహానికి మందు ఇచ్చారు గాని ఐస్‌క్రీమ్ ఇవ్వలేదు. మరొక సమూహానికి ఐస్‌క్రీమ్ ఇచ్చారు గాని వారు పొందిన చికిత్స జీర్ణవ్యవస్థను కలతపరిచేది కాదు. కొన్ని వారాల తరువాత అదే ఐస్‌క్రీమ్ తింటారా అని అడిగినప్పుడు, మొదటి సమూహంలో సుమారు ఐదోవంతు మంది మాత్రమే తింటామన్నారు. మిగిలిన రెండు సమూహాల్లో మూడింట రెండు వంతులు, అంతకు పైబడి అంగీకరించారు.

తమ అస్వస్థతకు మందే కారణమని ఎదిగిన పిల్లలకు తెలిసే అవకాశం ఉంది. పెద్దవారైన రోగులకు ఆ విషయం నిస్సందేహంగా తెలుసు. అయినా వారిలోనూ విముఖతలు ఏర్పడ్డాయని తరువాతి పరిశోధనలు చూపాయి. ఉదర వికిరణ చికిత్స పొందిన రోగులపై 1980లలో జరిగిన అధ్యయనాలు కూడా ఈ దిశగానే ఫలితాలు ఇచ్చాయి. సెలిగ్మన్ తన స్వానుభవాన్నే ఉదాహరణగా పేర్కొన్నాడు. ఒక రాత్రి భోజనం తరువాత ఫ్లూ జ్వరం వల్ల అస్వస్థతకు గురైన అతడు, కారణం జ్వరమేనని తెలిసి కూడా, ఆ భోజనంలోని సాస్‌ను మళ్లీ తినలేకపోయాడు. ఎలుకకు అసలు కారణం తెలియదు, మనిషికి తెలుసు. ఫలితం మాత్రం ఇద్దరిలోనూ ఒకటే. ఈ అభ్యసనంలో తెలివికి ప్రవేశం తక్కువ అనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

రోగి ఆహారం తీసుకోలేకపోవడానికి గల కారణాలన్నీ ఒక్కటి కావని ఇక్కడ స్పష్టం చేయాలి. నోరు, గొంతు భాగాలకు వికిరణం ఇచ్చినప్పుడు రుచి గ్రాహకాలు, లాలాజల గ్రంథులు నేరుగా దెబ్బతింటాయి. నోరు ఎండిపోతుంది, రుచి తెలియదు లేదా వికృతంగా తెలుస్తుంది. ఇది గ్రాహకాల నష్టం, అభ్యసనం కాదు. వ్యాధి వల్ల కలిగే సాధారణమైన ఆకలి మాంద్యం రెండవ కారణం. అభ్యసిత విముఖత మూడవది. మొదటి స్థితిలో రోగి "ఏదీ రుచించడం లేదు" అంటాడు. రెండవ స్థితిలో "తినాలని లేదు" అంటాడు. మూడవ స్థితిలో "అది మాత్రం వద్దు" అంటాడు. ఒకే రోగిలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు గాని, పరిష్కారాలు వేరు. వికారాన్ని తగ్గించే ఆండాన్‌సెట్రాన్ వంటి మందు మొదటి స్థితిలోని నోటి సమస్యను తీర్చలేదు.

అభ్యసన సిద్ధాంతం మూడవ స్థితికి కొన్ని నివారణ మార్గాలను చూపుతుంది. చికిత్సకు దగ్గరలో తిన్న, ప్రస్ఫుటమైన రుచిగల కొత్త ఆహారమే ఎక్కువగా బలి అవుతుంది కాబట్టి, అటువంటి ఒక పదార్థాన్ని కావాలనే బలిపశువుగా అమర్చవచ్చు. బ్రోబర్గ్, బెర్న్‌స్టీన్ 1987లో పిల్లలకు భోజనానికీ కీమోథెరపీకీ మధ్య ప్రత్యేక రుచిగల చప్పరింపు మిఠాయి ఇచ్చి, ఆ భోజన పదార్థాలపై విముఖత తగ్గిందని చూపారు. వెగటు మిఠాయిపైకి మళ్లింది, పోషకాహారం రక్షణ పొందింది.

మన కుటుంబాల్లో రోగి పట్ల ప్రేమ సాధారణంగా వంట రూపంలో వ్యక్తమవుతుంది. చికిత్సకు వెళ్లే రోజున అరుదుగా వండే ఇష్టమైన పిండివంట చేసి పెట్టడం సహజం. బలానికని కొత్త పోషకాహార పొడిని ఆ రోజే తొలిసారిగా కలిపి తాగించడమూ జరుగుతుంది. పై పరిశోధనల వెలుగులో చూస్తే ఈ రెండూ విముఖతకు అవకాశమిచ్చే పనులే. పిండివంట అరుదుగా తినేది కాబట్టి నిత్య పరిచయం ఇచ్చే రక్షణ దానికి తక్కువ. పోషకాహార పొడికి ఆ రక్షణ అసలే లేదు. చికిత్స మొదలు కావడానికి చాలా రోజుల ముందే ఆ పొడిని అలవాటు చేయడం, ఇష్టమైన వంటకాన్ని చికిత్సకు దూరంగా ఉన్న రోజున వండటం సిద్ధాంతం సూచించే మార్గం. నిత్యం తినే అన్నం, చారు, మజ్జిగ వంటివి కూడా పూర్తిగా సురక్షితమని చెప్పలేము గాని, వాటికి ప్రమాదం తక్కువ. వ్యక్తిగతమైన ఆహార నియమాలను చికిత్స చేసే వైద్యులు, పోషకాహార నిపుణులే నిర్ణయించాలి.

8. వ్యాఖ్యానంలో జాగ్రత్తలు

ఈ అంశాన్ని బోధించేటప్పుడు మూడు విషయాలను గుర్తుంచుకోవాలి. మొదటిది, వికిరణాన్ని ప్రాణి ఏ విధంగానూ పసిగట్టలేదనడం సరికాదు. తీవ్రమైన ఎక్స్-కిరణాల ప్రసారాన్ని ఎలుకలు ఘ్రాణవ్యవస్థ ద్వారా వెంటనే గుర్తించగలవని 1960లలో తేలింది. అయితే అది శిరోభాగానికి సంబంధించిన తక్షణ గ్రహణం. రుచి విముఖత ఉదరభాగం, రక్తప్రసరణల ద్వారా సాగే వేరొక ప్రక్రియ.

రెండవది, విముఖతకూ వాంతికీ అభేదం కల్పించకూడదు. ఎలుకలు అసలు వాంతి చేసుకోలేవు, అయినా వాటిలో విముఖత బలంగా ఏర్పడుతుంది. మరోవైపు యాంఫిటమిన్ వంటి మాదకద్రవ్యాలను జంతువులు కోరి తీసుకుంటాయి. అవే ద్రవ్యాలు రుచి విముఖతను కూడా కలిగించగలవు. ఏరియా పోస్ట్రీమాను తొలగించినా యాంఫిటమిన్ వల్ల కలిగే విముఖత తగ్గలేదు. కాబట్టి విముఖతకు దారితీసే మార్గం ఒక్కటే కాదు.

మూడవది, గార్షియా ప్రయోగాలు శాస్త్రీయ నిబంధనను తోసిపుచ్చాయనడం అతిశయోక్తి. రుచి విముఖతలోనూ సాధారణీకరణ, విలుప్తీకరణ వంటి పరిచితమైన లక్షణాలు కనిపిస్తాయి. ఆ ఆహారాన్ని అస్వస్థత లేకుండా పలుమార్లు రుచి చూస్తే వెగటు క్రమంగా తగ్గుతుంది. కూలిపోయినది, ఏ ఉద్దీపనకైనా ఏ ఫలితమైనా సమానంగా జతపడుతుందనే భావన, వ్యవధి క్షణాల్లోనే ఉండాలనే నియమం.

9. ముగింపు

వికిరణ ప్రమాదాన్ని అంచనా వేయడానికి మొదలైన సైనిక పరిశోధన, ప్లాస్టిక్ సీసాలోని నీటిని వదిలేసిన ఎలుకల పరిశీలన ద్వారా అభ్యసన శాస్త్రపు మూలసూత్రాల చర్చకు దారితీసింది. అదృశ్యమైన కారణం వల్ల అస్వస్థత కలిగినప్పుడు దేహం రుచినే దోషిగా ఎంచుతుంది. ఒక్క అనుభవంతో, గంటల ఎడం దాటి, స్పృహ లేకపోయినా ఎంచుతుంది. అసలు కారణం తెలిసిన మనిషిలో కూడా ఈ తీర్పు మారదు.

ఈ అవగాహనకు మానవీయమైన ప్రయోజనం ఉంది. చికిత్స పొందుతున్న వ్యక్తి నిన్నటిదాకా ఇష్టపడిన వంటకాన్ని పక్కకు నెట్టినప్పుడు, ఇంట్లోవారు దాన్ని మొండితనమనో మనోబలం లోపమనో భావించే అవకాశం ఉంది. "వికారం మందు వల్ల వచ్చింది, కూర వల్ల కాదు కదా" అనే వాదన రోగికీ తెలుసు. ఆ వాదన చేరలేని స్థాయిలో ఈ అభ్యసనం జరిగిపోయింది. అందువల్ల ఇక్కడ పనికివచ్చేది నచ్చజెప్పడం కంటే, ఏ ఆహారాన్ని ఎప్పుడు అందించాలో ముందుగా ఆలోచించి చేసే ఏర్పాటు. తెలుగు మాట్లాడే రోగులు చికిత్సాకాలంలో ఏయే వంటకాలను వదిలేస్తున్నారు, ఆ వెగటు ఎంతకాలం నిలుస్తోంది అనే విషయాలపై ఆసుపత్రుల సహకారంతో క్షేత్ర పరిశోధన జరిగితే, మన ఆహారపు అలవాట్లకు తగిన సూచనలు రూపొందించడం సాధ్యమవుతుంది. మనోవిజ్ఞానం, పోషకాహార శాస్త్రం, గృహవిజ్ఞానం శాఖల పరిశోధకులు కలిసి చేపట్టదగిన పని ఇది.